స్త్రీ - ఆయుధం - స్వేచ్ఛ

ఆత్మరక్షణ కోసం ఆయుధం పట్టే హక్కు స్త్రీకి ఉన్నదా లేదా అన్నది ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం కాదు. ఆత్మరక్షణ హక్కును మన శిక్షాస్మృతి ఎప్పుడో అంగీకరించింది. అత్యాచారానికి పూనుకొన్నవాణ్ణి ఎదిరించే సందర్భంలో వాడి ప్రాణం పోయినా అది నేరం కాదని 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 100వ సెక్షను చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షను కూడా అదే చెబుతున్నది. కాబట్టి హక్కు గురించి వివాదం లేదు. వివాదం మరొకచోట ఉన్నది. ఒక సమాజం తనలోని స్త్రీతో, "నీకు తగిన పిస్తోలు నువ్వే ఎంచుకో, నిన్ను నువ్వే కాపాడుకో" అన్నప్పుడు, అది ఆమెకు స్వేచ్ఛ ఇస్తున్నదా, లేక తన బాధ్యత దులుపుకొంటున్నదా? ఇదీ ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలోంచి పుట్టలేదు. మా కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి, టెక్సాసు రాష్ట్రంలో ఉద్యోగం చేసుకొంటూ అక్కడే స్థిరపడిన ఒక విద్యార్థిని నాకు రాసిన ఉత్తరంలోంచి పుట్టింది. "మాస్టారూ, ఇక్కడ నా తోటి ఉద్యోగినులు చాలామంది పిస్తోలు దాచుకొని తిరుగుతారు. నన్నూ కొనుక్కోమంటున్నారు. ఏది కొనాలో చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు. అసలు కొనడమంటే ఏమిటో ఆలోచించేవాళ్ళు కనబడడం లేదు. మీరేమంటారు?" అని ఆమె అడిగింది. నన్నయ, తిక్కనలను పాఠం చెప్పుకొనే మనిషిని పిస్తోలు గురించి అడగడం వింతగానే ఉన్నది. కాని ఆమె అడిగినది ఇనుప వస్తువును గురించి కాదు, ధర్మాన్ని గురించి. దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత సాహిత్యోపాధ్యాయుడికీ ఉన్నది.

ముందుగా అక్కడి పరిస్థితిని తెలుసుకోవాలి. టెక్సాసులో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టపరమైన అనర్హత ఏదీ లేనివారు లైసెన్సు లేకుండానే చేతితుపాకి వెంట ఉంచుకోవచ్చు. అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలది ఇదే తీరు. "తగిన కారణం చూపితేనే లైసెన్సు" అని న్యూయార్కు రాష్ట్రం నూరేళ్ళకు పైగా పెట్టుకొన్న నిబంధనను 2022 జూన్ 23న అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. టెక్సాసు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోకి లైసెన్సు గలవారు తుపాకి దాచుకొని రావచ్చుననే చట్టం 2016 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. సరిగ్గా 50 ఏళ్ళ క్రితం అదే రోజున, 1966 ఆగస్టు 1న, ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయ గోపురం ఎక్కి ఒకడు కనబడినవారినల్లా కాల్చి చంపాడు. ఈ తేదీల పొంతన చూచి అక్కడి అధ్యాపకులు ఏమనుకొన్నారో ఊహించడం కష్టం కాదు.

ఇక ఎంపిక సంగతి. నా విద్యార్థిని పంపిన సమాచారాన్ని నేను శ్రద్ధగానే చదివాను. తేలికైన ఆయుధం కావాలంటే ఐదు గుండ్ల పొట్టి రివాల్వరు ఉన్నది, అరకిలో కూడా తూగదు. కాని ఆయుధం తేలికైనకొద్దీ పేలినప్పుడు చేతిని వెనక్కి తన్నే దెబ్బ పెరుగుతుంది. పైగా ఆ రివాల్వరు మీట చాలా బిగువు, బలంగా లాగితేనే గాని కదలదు, లాగేటప్పుడు గురి చెదురుతుంది. అది వద్దు, పిస్తోలు కావాలంటే దాని పైభాగాన్ని గట్టిగా వెనక్కి లాగి గుండు ఎక్కించాలి, దానికి మణికట్టులో సత్తువ కావాలి. దెబ్బ తక్కువగా ఉండాలంటే బరువైనది కొనాలి. బరువైనది కొంటే నాలుగు రోజులు మోసి ఐదోరోజు ఇంట్లో పెట్టి వెళతారు. నడుముకు కట్టుకొందామంటే ఆడవాళ్ళ దుస్తులు అందుకు కుట్టినవి కావు. సంచిలో వేసుకొంటే అవసరానికి చేతికి అందదు, సంచిని లాక్కొన్నవాడి చేతికి తుపాకి కూడా పోతుంది. ఏది ఎంచుకొన్నా మరొకటి వదులుకోవాలి. అన్నిటికీ మించి, నెలనెలా సాధన చేయకపోతే ఏ ఆయుధమైనా వ్యర్థమేనని ఆ అమ్మకందారులే ఒప్పుకొంటారు. అంటే కొనేది ఒక వస్తువును కాదు. ఒక జీవన విధానాన్ని, ఒక నిరంతర అనుమానాన్ని కొంటున్నారు. బజారులో, ఆఫీసులో, పిల్లల బడిలో, ఎదుటివాడు శత్రువు కావచ్చుననే ఎరుకతో చెయ్యి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

2014 చివర ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి పిల్లలతో దుకాణానికి వెళ్ళింది. తుపాకి దాచడానికే ప్రత్యేకంగా అర కుట్టిన సంచి ఆమెది. బండిలో కూర్చున్న రెండేళ్ళ కొడుకు ఆ సంచి తెరిచాడు, తుపాకి పేలింది, తల్లి అక్కడికక్కడే మరణించింది. ఆమె అజాగ్రత్త మనిషి అని గాని, తుపాకి వాడడం తెలియనిది అని గాని ఎవరూ అనలేదు. మనిషి ఎంత జాగ్రత్తపరురాలైనా, పసిబిడ్డకు అందేంత దూరంలో మృత్యువును మోసుకొని తిరిగినప్పుడు జాగ్రత్త ఒక్కసారి తప్పినా చాలు.

ఈ ఎంపిక ఎలా పుట్టింది? పురుషులలో కొనేవారందరూ కొన్న తరువాత పెట్టుబడిదారు మిగిలిన సగం జనాభా వైపు చూస్తాడు. ఇందులో రహస్యమేమీ లేదు, బజారు స్వభావమే అది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 20వ శతాబ్దం మొదట్లో ఒక బుల్లి రివాల్వరుకు పెట్టిన "లేడీస్మిత్" అనే పేరును 1989లో మళ్ళీ బయటికి తీసి, స్త్రీల కోసమని కొత్త రివాల్వర్లు తయారుచేసింది. పిడి కాస్త సన్నం, పూత కాస్త అందం. ఆ తరువాత గులాబీరంగు పిస్తోళ్ళు, రంగురంగుల తోలు సంచులు వచ్చాయి. స్త్రీ భయం ఒక సరుకయింది.

మన దేశంలో ఇది జరగలేదనుకోవద్దు. 2012 డిసెంబర్ 16న ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరం తరువాత, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం "నిర్భీక్" అనే రివాల్వరును విడుదల చేసింది. బరువు అరకిలో. టైటానియం మిశ్రలోహం. చనిపోయిన ఆ అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరును తలపించేలా దీనికి పేరు పెట్టారు. నగలపెట్టెలాంటి ఎర్రటి పెట్టెలో పెట్టి అమ్మారు. ధర 1,22,360 రూపాయలు. రోజుకు 200 రూపాయల కూలి వచ్చే ఆడమనిషి తిండి మానుకొని 600 రోజులకు పైగా పనిచేస్తే గాని దాన్ని కొనలేదు. కొన్నా లైసెన్సు కోసం తిరగవలసింది ఏ పోలీసు స్టేషనులో ఫిర్యాదు తీసుకోరో ఆ స్టేషను చుట్టూనే.

దీని వెనుకటి సంగతి మరొకటి ఉన్నది. ఆ ఘోరం తరువాత నియమించిన జస్టిస్ వర్మ కమిటీ, తాను ఏర్పడిన నెల రోజులలోనే, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. పోలీసు సంస్కరణలు కావాలన్నది. భర్త చేసే బలాత్కారాన్ని నేరం నుంచి మినహాయించే నిబంధనను తొలగించాలన్నది. ఆ మినహాయింపును ప్రభుత్వం తొలగించలేదు. భార్య వయసు 18 నిండితే భర్త చేసే బలాత్కారం అత్యాచారం కాదని న్యాయ సంహిత 63వ సెక్షను ఈనాటికీ చెబుతున్నది. చట్టం మార్చమంటే మార్చలేదు గాని, ఏడాది తిరిగేసరికి రివాల్వరు మాత్రం తయారయింది. ఇంట్లో ఉన్న ప్రమాదానికి చట్టం పేరు కూడా పెట్టదు, వీధిలో ఉన్న ప్రమాదానికి మాత్రం తుపాకి అమ్ముతారు. మన నేరాల లెక్కల సంస్థ ఏటా వేసే పుస్తకాల ప్రకారం, అత్యాచారం కేసులలో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు. బంధువు, ఇరుగుపొరుగు, స్నేహితుడు, యజమాని. చీకట్లోంచి దూకే అపరిచితుడి కోసం తయారైన ఆయుధం, పగలు పలకరించే పరిచితుడి ముందు ఏం చేస్తుంది?

మన కవిత్వంలో ఆయుధధారిణి అయిన స్త్రీ లేకపోలేదు. నరకాసుర యుద్ధంలో సత్యభామ విల్లందుకొన్న ఘట్టాన్ని నాచన సోమన వర్ణించాడు, పోతన వర్ణించాడు. ఒకే పద్యంలో ఒకవైపు వీరం, మరొకవైపు శృంగారం నడపడం ఆ ఘట్టానికి ప్రాణమని మనం విద్యార్థులకు చెబుతాము. నిజమే, కవుల ప్రతిభ కాదనలేనిది. కాని ఆ వర్ణనలో ఆయుధం ఆమెకు అలంకారమయింది. యుద్ధం చేస్తున్న స్త్రీ ఎంత అందంగా ఉన్నదో చూడమని కవి మనల్ని పిలుస్తాడు. చివరకు పోతన భాగవతంలో నరకుడి తల తెంచేది కృష్ణుడి చక్రం. స్త్రీ చేతికి ఆయుధం రావచ్చు, కాని అది అందంగా ఉండాలి, ఆఖరి నిర్ణయం మరొకరి చేతిలో ఉండాలి. ఈ భావన ఒక్క పురాణానిది కాదు. నగలపెట్టెలో రివాల్వరు పెట్టి అమ్మినవాడి మనసులోనూ అదే ఉన్నది.

ఇక ఆయుధవాదుల ప్రధాన వాదనకు వద్దాము. "బలహీనురాలికీ బలవంతుడికీ మధ్య తేడాను తుపాకి తుడిచివేస్తుంది" అంటారు వారు. ఈ వాదనను తేలికగా తీసివేయకూడదు. డ్యూరింగు మీద రాసిన విమర్శలో ఏంగెల్సు దీనికి దగ్గర ప్రశ్ననే చర్చించాడు. రాబిన్సన్ కత్తి చూపి ఫ్రైడేను బానిసగా చేసుకొన్నాడని డ్యూరింగు అంటే, ఒక తెల్లవారి ఫ్రైడే చేతిలో గుండ్లు నింపిన రివాల్వరు కనబడితే సంబంధం తలక్రిందులవుతుంది గదా అన్నాడు ఏంగెల్సు. ఇక్కడితో ఆగితే ఆయుధవాదులకు సంతోషమే. కాని ఏంగెల్సు ఆగలేదు. బలప్రయోగం ఒట్టి సంకల్పం వల్ల జరగదు, దానికి సాధనాలు కావాలి, ఆ సాధనాలు ఉత్పత్తి నుంచి వస్తాయి, కాబట్టి బలం వెనుక ఆర్థిక వ్యవస్థ ఉన్నదని నిరూపించాడు.

ఆ ఉదాహరణను ఇంకొక అడుగు ముందుకు నడుపుదాము. ఆ ద్వీపంలో ఒక ఆయుధాల దుకాణం ఉన్నదనుకొందాము. ఫ్రైడే ఒక రివాల్వరు కొంటే రాబిన్సన్ రెండు కొంటాడు, ఎందుకంటే డబ్బు అతని దగ్గర ఉన్నది. ఇల్లు అతని పేర ఉన్నది. రేపు విచారణ జరిగితే సాక్ష్యం చెప్పేవారూ, తీర్పు చెప్పేవారూ అతని మనుషులే. అప్పుడు రివాల్వరు ఎవరిని సమానం చేసింది? పెరిగింది దుకాణందారు లాభం ఒక్కటే.

ఇది ఊహ కాదు. అమెరికాలో 11 నగరాలలో జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో, హింసించే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు 5 రెట్లు పెరుగుతుందని తేలింది. కాలిఫోర్నియాలో లక్షలాది మందిని ఏళ్ళ తరబడి లెక్కలోకి తీసుకొన్న పరిశోధనలు రెండు ఉన్నాయి. 2022లో వెలువడినదాని ప్రకారం, చేతితుపాకి సొంతదారుతో కలిసి కాపురముండేవారు భాగస్వామి చేతిలో తుపాకి గుండుకు బలి అయ్యే రేటు, తుపాకి లేని ఇళ్ళవారికంటే 7 రెట్లకు పైగా ఉన్నది. అలా మరణించినవారిలో నూటికి 84 మంది స్త్రీలు. 2020 నాటి పరిశోధన ఇంకా బాధ కలిగిస్తుంది. చేతితుపాకి సొంతంగా ఉన్న స్త్రీలు తుపాకితో ఆత్మహత్య చేసుకొనే రేటు, అది లేని స్త్రీలకంటే 35 రెట్లు ఎక్కువ. పురుషులలో ఈ తేడా 8 రెట్లు. మనసు విరిగిన క్షణంలో చేతికందే సాధనం ఏదన్నదాని మీద ప్రాణం ఆధారపడుతుంది. వీధిలోని శత్రువు కోసం కొన్న గుండు సొంత దుఃఖం వైపు తిరుగుతున్నది.

కాల్చిన తరువాత చట్టం అందరినీ ఒక్కలా చూస్తుందా? ఫ్లోరిడా రాష్ట్రంలో మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి స్త్రీ 2010లో, తనను హింసిస్తున్న భర్తను బెదిరించడానికి లైసెన్సున్న తుపాకితో ఒక్కసారి కాల్చింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎదుర్కొని నిలబడి కాల్చే హక్కు పౌరులకు ఉన్నదని 2005లోనే చట్టం చేసిన రాష్ట్రం అది. ఆ చట్టం తనకు వర్తిస్తుందన్న ఆమె వాదనను జడ్జి ఒప్పుకోలేదు. జ్యూరీ 12 నిమిషాలలో ఆమెను దోషి అన్నది. 2012లో 20 ఏళ్ళ శిక్ష పడింది. ప్రజలు ఆందోళన చేశారు, 2013లో పై కోర్టు ఆ తీర్పు రద్దుచేసింది, చివరకు ఒప్పందం మీద 3 ఏళ్ళ జైలుతో 2015లో బయటపడింది. ఆమెను విడిపించినది తుపాకి కాదు, సంఘటితమైన ప్రజలు.

ఎవరి చేతిలో ఆయుధముంటే రాజ్యం భయపడుతుందో చరిత్ర చెబుతూనే ఉన్నది. 1967లో నల్లజాతి యువకులు బహిరంగంగా తుపాకులు పట్టుకొని తిరిగినందుకే కాలిఫోర్నియా ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన దేశంలో లిట్టన్ ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుడికి లైసెన్సు పెట్టి తెల్లవాడిని మినహాయించింది. ఏంగెల్సు గ్రంథం పుస్తకంగా వెలువడినదీ ఆ ఏడాదే. కాబట్టి "అందరికీ ఆయుధ స్వేచ్ఛ" అనే మాట వర్గాలూ వర్ణాలూ ఉన్న సమాజంలో ఎప్పుడూ అందరి గురించీ కాదు.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి బలంగా వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. "సమాజం మారేదాకా ఆగమంటారు. బాగానే ఉన్నది. ఈ రాత్రి ఆమె ఇంటికి ఎలా వెళ్ళాలి? అది చెప్పండి." ఈ ప్రశ్నకు బదులు చెప్పకుండా విప్లవం గురించి మాట్లాడేవాడు, ముఖ్యంగా మగవాడు, ఆ స్త్రీ ప్రాణంతో తన సిద్ధాంతాన్ని పోషించుకొంటున్నాడన్నమాట. పిరికితనానికీ హింసకూ మధ్యనే ఎంచుకోవలసి వస్తే హింసనే ఎంచుకోమంటానని 1920లో గాంధీగారే రాశారు. ఆత్మరక్షణకు ఆయుధం తీసుకొన్న స్త్రీని నిందించే అధికారం నాకు లేదు, ఎవరికీ లేదు.

అందుకే నా విద్యార్థినికి "కొనవద్దు" అని రాయలేదు. పైన చెప్పిన లెక్కలన్నీ రాసి, "నువ్వు భయపడుతున్నది ఎవరికమ్మా?" అని అడిగాను. దొంగకు కాదన్నది. ఆఫీసులో పనిచేసే ఒకడు రోజూ కారు నిలిపే చోటిదాకా వెంట వస్తున్నాడు. పై అధికారులకు చెప్పుకొన్నది. "జాగ్రత్తగా ఉండు" అన్నారు. ఆ ఒక్క మాటలో ఈ వ్యాసమంతా ఉన్నది. వాడిని ఆపవలసిన బాధ్యత ఆ సంస్థది. దాన్ని జాగ్రత్త అనే పేరుతో ఆమె మీదికి తోశారు. ఆ జాగ్రత్తకు ధర కట్టి మరొకడు పిస్తోలు అమ్ముతున్నాడు. ఆమె కొంటే రేపు వాడు మరొక అమ్మాయి వెంట నడుస్తాడు, ఆ అమ్మాయీ ఒకటి కొనుక్కోవాలి. ఆమెలాగే ఇబ్బంది పడిన మరి ముగ్గురిని కలుపుకొని రాతమూలకంగా ఫిర్యాదు చేయమని, ఒంటరిగా ఆ చోటికి నడవవద్దని మాత్రం రాయగలిగాను. అది చిన్న సలహా. కాని అందులో ఆమె ఒక్కతి కాదు.

ఒంటరి ఆయుధానికీ సంఘటిత ఆయుధానికీ ఉన్న తేడా తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు తుపాకి పట్టారు. మల్లు స్వరాజ్యం గారు దళానికి నాయకత్వం వహించారు, ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. 2022 మార్చిలో ఆమె కన్నుమూసేదాకా ఆ చరిత్ర మన మధ్య నడిచింది. ఆ తుపాకిని ఆమె దుకాణంలో ఎంచుకోలేదు. దాని వెనుక భూమి ప్రశ్న ఉన్నది, వెట్టిచాకిరి ప్రశ్న ఉన్నది, గడీలలో ఆడవాళ్ళ మీద జరిగిన అత్యాచారాల ప్రశ్న ఉన్నది, అన్నం పెట్టి దాచిన వేలాది ఇళ్ళు ఉన్నాయి. అక్కడ తుపాకి ఒక సంబంధం. సంచిలోని పిస్తోలు ఒక సరుకు.

అయితే ఆ చరిత్రను మనకు అనుకూలంగా సగం చెప్పి ఊరుకోకూడదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆ పోరాట స్త్రీలే చెప్పారు. పోరాటం విరమించిన తరువాత చాలామందిని తిరిగి ఇంటికి, పొయ్యి దగ్గరికి పంపించారు. తుపాకి పట్టిన చేతిని ఉద్యమం గౌరవించింది గాని, తుపాకి దించిన చేతికి చోటు చూపలేదు. కాబట్టి సంఘటితమైనది సైతం, ఇంటి లోపలి అధికారాన్ని కదిలించకపోతే, ఆయుధం స్త్రీకి అప్పు ఇచ్చినదే అవుతుంది. ఇది అభ్యుదయ శిబిరం నేర్చుకోవలసిన పాఠం.

ఆయుధం పరిష్కారమనే భ్రమ మొన్నమొన్న మన ముంగిటే మరొక రూపంలో కనబడింది. 2019 నవంబర్‌లో శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మరచిపోలేనిది. ఆమె కనబడడం లేదని కుటుంబం పరుగెత్తితే, ఇది మా స్టేషను పరిధి కాదన్నారు. ఆలస్యానికి ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు. డిసెంబర్ 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పులలో చచ్చారు, జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను ఆ కథనం నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. ఫిర్యాదు రాసుకోవలసిన గంటలో పని చేయని రాజ్యం, తుపాకి పేల్చిన తరువాత రక్షకుడని పేరు తెచ్చుకొన్నది. ఆ రాత్రి ఆ అమ్మాయికి కావలసినది ఆలస్యం చేయకుండా కదిలే స్టేషను. అది ఆమెకు దొరకలేదు.

కాబట్టి ఎంపికను కొలిచే గీటురాయి ఇది: నేను ఎంచుకొన్నది నాతోపాటు నా పక్కదానికి కూడా రక్షణ అవుతున్నదా, లేక ప్రమాదాన్ని నా నుంచి ఆమె మీదికి మళ్ళిస్తున్నదా? రాత్రి బస్సు, వీధి దీపం, తిప్పి పంపకుండా ఫిర్యాదు రాసుకొనే స్టేషను, పనిచేసే చోట నిజంగా పనిచేసే విచారణ సంఘం, స్త్రీ పేర ఇల్లు, విడిపోయినా బతకగల జీతం, భర్తకైనా మినహాయింపు ఇవ్వని చట్టం - ఇవి ఒకరు సంపాదించుకొంటే పదిమందికి పనికివస్తాయి. పిస్తోలు కొన్న మనిషికి తప్ప మరొకరికి పనికిరాదు, చాలాసార్లు ఆ మనిషికే పనికిరాదు.

స్వేచ్ఛ అంటే దుకాణం బల్ల మీద పరిచిన వాటిలో ఒకటి తీసుకోవడం కాదు. ఆ బల్ల ముందుకు రావలసిన అవసరమే లేకుండా చేసుకోవడం స్వేచ్ఛ. ఆ పని ఒక్క చేత్తో జరిగేది కాదు. ఆడపిల్లలను జాగ్రత్తగా ఉండమని చెప్పడం మాని, వారిని భయపెట్టేవాళ్ళను జాగ్రత్తగా ఉంచే సంఘాలను ప్రతి కాలేజీలో, ప్రతి ఆఫీసులో, ప్రతి వాడలో కట్టడం ఉపాధ్యాయులమైన మనతోనే, విద్యార్థులైన మీతోనే మొదలుకావాలి.